బొగ్గు ఇంజను మనుషుల బండి లాగాలంటే

వేల్స్ నైరుతి కొసన గ్వెండ్రయిత్ లోయలో ఒక చిన్న రైలు మార్గం ఉండేది. పేరు మాత్రం పొడవు: బరీ పోర్ట్ అండ్ గ్వెండ్రయిత్ వ్యాలీ రైల్వే. 1869లో మొదలైనప్పటి నుంచి దానికి ఒకటే పని, లోయలోని గనుల ఆంత్రసైట్ బొగ్గును బరీ పోర్ట్ రేవుకు దించడం. టికెట్టు కొన్న ప్రయాణికులతో ఆ మార్గంలో మొదటి బండి కదిలింది 1909 ఆగస్టు 2న, పాంటిబెరెమ్ ఊరి దాకా. 1913 జనవరిలో ఆ సర్వీసు లోయ పైకొసనున్న కుమ్‌మౌర్‌ను అందుకుంది.

మధ్యలో గడిచింది నలభై ఏళ్లు. వందల టన్నుల బొగ్గును రోజూ దించగలిగిన మార్గం, నాలుగైదు పెట్టెల మనుషులను ఎక్కించుకోవడానికి అంత కాలం ఎందుకు ఆగింది? ఇంజన్లకు బలం చాలలేదనుకోవడం సహజం. కానీ బలం మొదటి నుంచీ ఉంది. లేనిది ఆపే ఏర్పాటు. గని మార్గాల చరిత్ర చదివేటప్పుడు చాలామంది ఇంజను లాగుడు శక్తి దగ్గరే ఆగిపోతారు. నిజానికి ఆ కథలో ముడులన్నీ బ్రేకుల దగ్గర, చట్టం దగ్గర, వంతెనల ఎత్తు దగ్గర ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా విప్పుకుంటూ వెళ్దాం.

ముందు ఇంజను సంగతి. దూరప్రయాణపు ఆవిరి ఇంజను వెనక టెండరు అనే ప్రత్యేక బండి ఉంటుంది. నీళ్లు, బొగ్గు దానిలో ఉంటాయి. ట్యాంకు ఇంజనుకు టెండరు ఉండదు. నీళ్ల తొట్టిని, బొగ్గు గూటిని తన ఒంటిమీదే మోసుకు తిరుగుతుంది. గని మార్గాలకు ఇది అతికినట్టు సరిపోయింది. దూరాలు తక్కువ కాబట్టి నీళ్లు కొద్దిగా ఉన్నా చాలు. కొసన ఇంజనును తిప్పే టర్న్‌టేబుల్ అక్కర్లేదు. పెట్టెలను విడిచి, పక్క పట్టా మీదుగా అవతలి వైపుకు వచ్చి, వెనక్కి నడుస్తూ తిరిగి రావచ్చు. టెండరు ఇంజను వెనక్కి నడిస్తే డ్రైవరుకు దారి సరిగా కనబడదు, టెండరులోని బొగ్గు దుమ్ము మొహాన కొడుతుంది. రోజులో సగం ప్రయాణం వెనక్కే సాగే మార్గంలో ఇది చిన్న విషయం కాదు.

అంతకన్నా ముఖ్యమైనది బరువు. ఆరు చక్రాలూ ఒకదానితో ఒకటి కడ్డీలతో కలిసి తిరిగే ట్యాంకు ఇంజనులో, అంటే రైల్వేవారు 0-6-0 అని రాసే అమరికలో, ఇంజను బరువంతా లాగే చక్రాల మీదే పడుతుంది. నీళ్ల బరువు, బొగ్గు బరువు కూడా చక్రాన్ని పట్టాకు అదిమిపెట్టే పనిలోకి వస్తాయి. టెండరు ఉన్న ఇంజనుకు ఈ సౌకర్యం లేదు.

దీన్ని అంకెల్లో చూస్తేనే బాగా అర్థమవుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం కోసం లీడ్స్ నగరంలోని హన్స్‌లెట్ కంపెనీ రూపొందించిన ఆస్టెరిటీ ఇంజను ఇందుకు మంచి ఉదాహరణ. 1943 నుంచి 1964 దాకా వివిధ కర్మాగారాల్లో మొత్తం 485 తయారయ్యాయి. యుద్ధం ముగిశాక వాటిలో చాలా భాగం గనులకే చేరింది. సిలిండరు వ్యాసం 18 అంగుళాలు, పిస్టను నడక 26 అంగుళాలు, బాయిలరు పీడనం చదరపు అంగుళానికి 170 పౌన్లు, చక్రాల వ్యాసం 51 అంగుళాలు. లాగుడు శక్తికి లెక్క ఇది: సిలిండరు వ్యాసాన్ని వ్యాసంతోనే గుణించాలి, దాన్ని పిస్టను నడకతోనూ, పీడనంలో 85 శాతంతోనూ గుణించాలి, వచ్చినదాన్ని చక్రం వ్యాసంతో భాగించాలి. ఆస్టెరిటీకి అది సుమారు 23,870 పౌన్లు, అంటే 10.8 టన్నులు.

ఇప్పుడు పట్టు లెక్క. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం, పొడి వాతావరణంలో, తన మీద ఉన్న బరువులో నాలుగో వంతు దాకా జారకుండా లాగగలదని స్థూలంగా అనుకోవచ్చు. తొట్టి, గూడు నిండుగా ఉన్నప్పుడు ఆస్టెరిటీ బరువు 49 టన్నులు. నాలుగో వంతు 12 టన్నుల పైమాట. లాగుడు 10.8 కాబట్టి చక్రం నిలబడుతుంది. అయితే ఆ 49లో ఐదున్నర టన్నులు నీళ్లు, రెండు టన్నుల పైచిలుకు బొగ్గు. షిఫ్టు చివర రెండూ అడుగంటే సమయానికి ఇంజను 41 టన్నులకు దిగుతుంది. నాలుగో వంతు 10.3 అవుతుంది. లాగుడు కన్నా పట్టు తగ్గిపోయింది. డ్రైవరు సిలిండర్లకు ఆవిరిని వదిలే రెగ్యులేటరును పూర్తిగా తెరిస్తే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. ఉదయం ఎక్కిన ఎత్తునే సాయంత్రం ఎక్కలేక ట్యాంకు ఇంజను తడబడడం వెనక ఉన్న లెక్క ఇదే. వాన పడితే పరిస్థితి ఇంకా దిగజారుతుంది, అందుకే చక్రాల ముందు ఇసుక గొట్టాలు.

మనుషుల బండికి ఈ బాధ దాదాపు లేదు. పెట్టెలన్నీ కలిపి 100 టన్నులనుకుందాం. యాభై అడుగుల దూరానికి ఒక అడుగు చొప్పున ఎక్కే ఎత్తు మీద ఆ పెట్టెలనూ ఇంజనునూ కలిపి పైకి తీసుకుపోవడానికి నాలుగు టన్నుల లోపు లాగుడు చాలు. వేగం సంగతి కూడా అంతే. ఇలాంటి మార్గాల్లో గంటకు 25 మైళ్లు, అంటే 40 కిలోమీటర్లు దాటనివ్వరు. ఆ వేగంలో 51 అంగుళాల చక్రం నిమిషానికి సుమారు 165 చుట్లు తిరుగుతుంది. అదే ఇంజనును గంటకు 60 మైళ్లకు తరిమితే 390 చుట్లు దాటుతాయి. కడ్డీలు, బేరింగులు, సిలిండర్లలో ఆవిరి రాకపోకలు ఏవీ అందుకు తట్టుకునేలా చేసినవి కావు. నెమ్మదిగా పోయే చోట చిన్న చక్రం లోపమే కాదు.

నీళ్ల తొట్టిని ఇంజను మీద ఎక్కడ పెట్టారన్నది రకానికో తీరు. బాయిలరుకు రెండు పక్కలా ఇంజను పలక మీద నిటారుగా నిలిపితే సైడ్ ట్యాంకు. నీళ్ల బరువు కాస్త కిందికి ఉండి నడక నిలకడగా ఉంటుంది, కానీ చక్రాల మధ్యనున్న యంత్రాలకు నూనె పోయాలంటే చేయి దూరదు. బాయిలరు వీపు మీద వంపుగా కూర్చోబెడితే శాడిల్ ట్యాంకు. కిందంతా ఖాళీ, మరమ్మతు సులువు. గని యజమానులు దీన్ని ఇష్టపడిందీ అందుకే. దీనికీ ఒక తలనొప్పి ఉంది. బాయిలరు వేడికి తొట్టిలో నీళ్లు కాగుతాయి. బాయిలరులోకి నీళ్లు తోసే ఇంజెక్టరు పని చేయాలంటే లోపల ఆవిరి చల్లటి నీళ్లను తాకి నీరుగా మారాలి. నీళ్లు బాగా వేడెక్కితే ఇంజెక్టరు మొరాయిస్తుంది. బాయిలరులో నీటి మట్టం పడిపోతుంటే ఫైర్‌మన్ పడే ఆందోళన అంతా ఇంతా కాదు. బ్రిటన్‌లోని పెద్ద రైలు కంపెనీల్లో ఒకటైన గ్రేట్ వెస్టర్న్ రైల్వే మూడో దారి పట్టింది. గాడిద వీపున రెండు పక్కలా వేలాడే పెరికెలా, బాయిలరుకు అటూ ఇటూ పైభాగాన తొట్లు తగిలించింది. ఆ కంపెనీ వాడే, బొగ్గు మండే బెల్పేర్ రకం ఫైర్‌బాక్సు పైభాగం చదునుగా, మూలలు తేలి ఉంటుంది. దాని మీద వంపు తొట్టిని కూర్చోబెట్టడం కష్టం. పానియర్ (పెరిక) ట్యాంకు అనే ఈ రకం పుట్టుకకు పెద్ద కారణం ఇదే.

ఇక్కడ గ్వెండ్రయిత్ లోయకు తిరిగి వెళ్లాలి, ఎందుకంటే ఆ మార్గం కథ ఇంజనుతో మొదలుకాలేదు, కాలువతో మొదలైంది. 1760ల్లోనే థామస్ కైమర్ అనే గని యజమాని తన బొగ్గును కిడ్వెలీ రేవుకు పడవల్లో చేర్చడానికి కాలువ తవ్వించాడు. 1812లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన కంపెనీ ఆ కాలువను పొడిగించింది. 1830ల్లో జేమ్స్ గ్రీన్ అనే ఇంజనీరు సలహాతో లోయ పైకి పడవలను లాగే వాలు దారులు కూడా వచ్చాయి. చివరికి రైలు కంపెనీ ఏం చేసిందంటే, ఆ కాలువ బాటనే చాలా మేరకు పట్టాలకు వాడుకుంది.

డబ్బు ఆదా అయింది. దాని మూల్యం మాత్రం నూటపాతికేళ్ల పాటు చెల్లించాల్సి వచ్చింది. కాలువ మీది వంతెనలు పడవ ఎత్తుకు కట్టినవి, రైలు ఎత్తుకు కాదు. కాలువ ఒంపులు పడవకు సరిపోయినవి, ఇంజనుకు బిగుతు. కాలువ అడుగు పల్లంలో ఉంటుంది కాబట్టి వాన ఎక్కువైతే పట్టాలు మునిగేవి. వాలు దారులున్న చోట్ల పట్టాలు నిట్రంగా ఎక్కాయి. మామూలు ఇంజను ఈ దారిలో నడవాలంటే పొగగొట్టం వంతెనకు తగులుతుంది. అందుకే ఈ మార్గానికి కావలసిన ఇంజను చక్రాల నడుమ దూరం తక్కువగా, పొట్టిగా, బరువైన రైళ్లను లాగగలిగేదిగా ఉండాలి. బ్రిస్టల్‌లోని ఏవన్‌సైడ్, లీడ్స్‌లోని హడ్స్‌వెల్ క్లార్క్ కంపెనీలు అలాంటి ఆరు చక్రాల ట్యాంకు ఇంజన్లను సరఫరా చేశాయి. ప్రయాణికుల పెట్టెలదీ అదే సమస్య. తరువాత గ్రేట్ వెస్టర్న్ తన పెట్టెల పైకప్పులను తగ్గించి మరీ ఈ మార్గానికి పంపాల్సి వచ్చింది.

వంతెన ఇంజనుకు రూపం ఇవ్వడం ఇక్కడ మాత్రమే జరిగింది కాదు. ఇంగ్లండు ఈశాన్యంలో డరమ్ ప్రాంతపు లాంబ్టన్ గనుల బొగ్గు సండర్‌లాండ్ రేవుకు ఒక ఇరుకు సొరంగం గుండా వెళ్లేది. ఆ సొరంగం వంపుకు తగినట్టు లాంబ్టన్ ఇంజన్ల క్యాబు, అంటే డ్రైవరు నిలబడే గది, పైఅంచులను రెండు పక్కలా గుండ్రంగా కోశారు. 1904లో కిట్సన్ కంపెనీ చేసిన 29వ నంబరు, 1909లో రాబర్ట్ స్టీఫెన్సన్ కంపెనీ చేసిన 5వ నంబరు ఇంజన్లు ఇప్పటికీ నార్త్ యార్క్‌షైర్ మూర్స్ రైల్వేలో ఉన్నాయి. వాటి క్యాబు చూసినవారికి ఆ సొరంగం ఆకారం తెలిసిపోతుంది.

సరే, బలం ఉంది, వంతెన కింద పట్టే ఒడ్డూ పొడుగూ ఉంది. మరి మనుషులను ఎందుకు ఎక్కించుకోలేదు?

జవాబు కోసం 1889 జూన్ 12కు వెళ్లాలి. ఐర్లండులో ఆర్మా పట్టణం నుంచి సండే స్కూల్ పిల్లలతో, వారి కుటుంబాలతో విహారయాత్రకు బయల్దేరిన రైలు ఒక నిట్రమైన ఎత్తు మీద ఆగిపోయింది. ఇంజనుకు అంత బరువు లాగే శక్తి లేదు. సిబ్బంది రైలును రెండు ముక్కలు చేసి ముందు భాగాన్ని ముందుగా పైకి చేర్చాలనుకున్నారు. ఆ రైలుకు గాలిని పీల్చి పనిచేసే వాక్యూమ్ బ్రేకు ఉంది, కానీ గొట్టం తెగితే పని చేయని రకం. విడదీసిన క్షణం నుంచి వెనక పెట్టెలకు గార్డు చేతి బ్రేకు తప్ప దిక్కు లేదు. అవి వాలు మీద వెనక్కి జారి, అదే దారిలో వస్తున్న మరో రైలును ఢీకొన్నాయి. 80 మంది చనిపోయారు. వారిలో పిల్లలు చాలామంది ఉన్నారు. అదే ఏడాది బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. ప్రయాణికులను మోసే ప్రతి రైలుకూ మొదటి పెట్టె నుంచి చివరి పెట్టె దాకా పనిచేసే బ్రేకు ఉండాలి, గొట్టం తెగితే అది తనంతట తానే పడాలి. సిగ్నళ్లు, రైలును ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్లించే పాయింట్లు ఒకదానికొకటి విరుద్ధంగా కదలకుండా ముడిపడి ఉండాలి. ఒక సెక్షనులో ఒక రైలు ఉండగా మరోదాన్ని వదలకూడదు. ఈ మూడు షరతులను నేను రైలు చరిత్రలో అన్నిటికన్నా విలువైనవిగా భావిస్తాను. ఆ రోజు చనిపోయిన పిల్లలు ఆ తరువాత లక్షల మందిని కాపాడారు.

గని మార్గం వీటిలో ఏ ఒక్కదానికీ సిద్ధంగా లేదు. బొగ్గు రైలుకు ఇంజను మీద ఆవిరి బ్రేకు, చివరన గార్డు పెట్టెలో చేతి బ్రేకు, అంతే. మధ్యలో వ్యాగన్లు మూడు లింకుల గొలుసులతో వదులుగా తగిలించి ఉంటాయి. పెద్ద వాలు వచ్చేముందు రైలును ఆపి, వ్యాగన్ల చేతి బ్రేకులను ఒక్కొక్కటిగా నొక్కి పెట్టి, కిందకు దిగాక మళ్లీ వదిలేవారు. బొగ్గు తీసుకెళ్లేటప్పుడు దీన్ని చట్టం ఒప్పుకుంది. మనుషులను టికెట్టు మీద తీసుకెళ్లాలంటే ఇంజను మీద ఎజెక్టరు బిగించాలి. అది బాయిలరు ఆవిరితో బ్రేకు గొట్టంలోని గాలిని పీల్చేస్తుంది. గొట్టంలో శూన్యం ఉన్నంతసేపు బ్రేకులు విడిచి ఉంటాయి, ఎక్కడ తెగినా గాలి లోపలికి దూసుకొచ్చి అన్ని పెట్టెలకూ బ్రేకు పడుతుంది. చాలా కంపెనీలు పాదరసం కొలతలో 21 అంగుళాల శూన్యంతో సరిపెట్టుకుంటే గ్రేట్ వెస్టర్న్ 25 అంగుళాలు ఉంచేది. ఈశాన్య ఇంగ్లండులో గాలిని కుక్కే వెస్టింగ్‌హౌస్ బ్రేకు వాడుక. ఏదైనా సరే, ఇంజనుకు అదనపు యంత్రం, పెట్టెలకు పూర్తి కొత్త సామాను. వీటితో పాటు ప్లాట్‌ఫారాలు, సిగ్నళ్లు, కంచెలు, ఆపైన రైల్వేల భద్రత చూసే ప్రభుత్వ వాణిజ్య మండలి ఇన్‌స్పెక్టరు ఆమోదం. బొగ్గు మీద బతికే చిన్న కంపెనీకి ఈ ఖర్చు భయపెట్టేది.

దారి చూపింది 1896 నాటి లైట్ రైల్వేల చట్టం. వేగం, బరువు పరిమితులకు ఒప్పుకుంటే కొన్ని నిబంధనలను సడలించే వీలు అది కల్పించింది. 25 మైళ్ల హద్దు అక్కడి నుంచి వచ్చిందే. గ్వెండ్రయిత్ మార్గాన్ని ప్రయాణికులకు తగినట్టు మార్చే పనిలో హోల్మన్ ఫ్రెడ్ స్టీఫెన్స్ చేయి ఉంది. తరువాత కల్నల్ స్టీఫెన్స్‌గా పేరుపడ్డ ఈ ఇంజనీరు ఇంగ్లండు, వేల్స్‌లో ఎన్నో చవక మార్గాలను నిలబెట్టాడు.

అయితే అంతకుముందు ఎవరూ ఆ రైలు ఎక్కలేదనుకుంటే పొరపాటు. గని కార్మికులు ఎక్కేవారు. కంపెనీ తన కార్మికులను పనికి చేర్చే బండి వేరు, ఎవరైనా డబ్బిచ్చి ఎక్కే బండి వేరు. గని మార్గాల్లో తిరిగిన ప్రయాణికుల రైళ్లలో ఎక్కువ భాగం మొదటి రకానివే, అందుకే టైమ్‌టేబుల్ పుస్తకాల్లో అవి కనబడవు. నార్తంబర్లండులో యాషింగ్టన్ గనుల మధ్య ఇలాంటి కార్మికుల రైళ్లు 1960ల దాకా నడిచాయి. ఇందుకోసం పెద్ద కంపెనీలు పక్కన పెట్టిన పాత పెట్టెలను చవకగా కొనేవారు. లోపల చెక్క బల్లలే, మెత్తలు ఉండవు. అది పిసినారితనం ఒక్కటే కాదు. గనుల దగ్గర స్నానపు గదులు లేని రోజుల్లో మనిషి ఒళ్లంతా బొగ్గు దుమ్ముతోనే ఇంటికి వెళ్లేవాడు. 1920లో ఏర్పడిన గని కార్మికుల సంక్షేమ నిధి డబ్బుతో తరువాతి సంవత్సరాల్లో స్నానపు గదులు వచ్చాకే ఆ తీరు మారింది.

రెండు రకాలూ ఒకే పట్టాల మీద కలిసిన చోటు ఈశాన్య ఇంగ్లండులోని సౌత్ షీల్డ్స్ పట్టణపు మార్స్‌డెన్ మార్గం. సముద్రపు గట్టు వెంట విట్‌బర్న్ గని దాకా మూడు మైళ్లకు లోపు. 1879లో బొగ్గుకు, 1888లో ప్రజలకు తెరిచారు. నడిపింది గని కంపెనీయే. దాని గడగడ చప్పుడును బట్టి ఊరివాళ్లు మార్స్‌డెన్ రాట్లర్ అని పిలిచేవారు. ముందూ వెనకా చిన్న చక్రాల ఆసరా లేని పొట్టి ఇంజన్ల నడక అటూ ఇటూ ఊగుతుందని, పాత పెట్టెల స్ప్రింగులు గట్టిపడి ఉంటాయని తెలిస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. ఈ మార్గానికి ఒక విచిత్రమైన స్థానం ఉంది. బ్రిటన్‌లో బొగ్గు గనులు 1947 జనవరి 1న జాతీయమయ్యాయి, రైల్వేలు 1948 జనవరి 1న. గని ఆస్తిగా ఉన్న మార్స్‌డెన్ మార్గం గనులతో పాటే ప్రభుత్వానికి వచ్చింది. బ్రిటిష్ రైల్వేస్ పుట్టడానికి ఏడాది ముందే ప్రభుత్వ బొగ్గు బోర్డు ప్రయాణికుల రైలు నడిపింది.

యాజమాన్యం ఎవరిదన్న ఈ తేడా తెలంగాణ పాఠకులకు దగ్గరి విషయమే. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించాక, నిజాం రైల్వే డోర్నకల్ నుంచి అక్కడికి లైను వేసింది. 1888లో అది అందింది. అక్కడ కూడా పట్టాలు పడింది బొగ్గు కోసమే. కానీ మొదటి నుంచీ ఆ లైను గనిది కాదు, రైల్వే కంపెనీది. గని కంపెనీ సరుకు పంపే ఖాతాదారు మాత్రమే. కాబట్టి గ్వెండ్రయిత్‌లో జరిగిన లైసెన్సుల గొడవ ఇక్కడ తలెత్తలేదు. తరువాత కొత్తగూడెం గనులకు పడిన లైను చివరి స్టేషనుకు భద్రాచలం రోడ్డు అని పేరు. గుడి అక్కడికి దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో గోదావరి అవతల ఉన్నా, రాముడి భక్తులు దిగేది ఆ బొగ్గు స్టేషనులోనే.

గ్వెండ్రయిత్ కంపెనీ 1922లో గ్రేట్ వెస్టర్న్‌లో కలిసిపోయింది. పాత ఇంజన్ల స్థానంలో క్రమంగా పానియర్ ట్యాంకులు వచ్చాయి. చివరి రోజుల్లో తిరిగినవి 1949, 1955 మధ్య కట్టిన 1600 తరగతివి. ఆ తరగతిలో మొత్తం 70 ఇంజన్లు. కానీ అప్పటికి బస్సు వచ్చేసింది. బస్సు ఊరి మధ్యలో ఆగుతుంది, రైలు గని దగ్గర ఆగుతుంది. కాలువ బాట మీద వేసిన పట్టాలు ఇళ్లున్న చోటికి కాకుండా బొగ్గున్న చోటికి వెళ్తాయి. నా దృష్టిలో గని మార్గాల ప్రయాణికుల సర్వీసులను దెబ్బతీసినవాటిలో ఇంజను పాతబడడం కన్నా ఇదే బలమైన కారణం. 1953 సెప్టెంబరులో బరీ పోర్ట్ నుంచి ప్రయాణికుల బండి ఆగిపోయింది. అదే ఏడాది నవంబరులో మార్స్‌డెన్ రాట్లర్ కూడా ఆగింది.

బొగ్గు రైళ్లు మాత్రం కుమ్‌మౌర్‌కు 1996 దాకా నడిచాయి. ఆవిరి పోయి డీజిల్ వచ్చినప్పుడు వంతెనలు మళ్లీ అడ్డుపడ్డాయి. 03 తరగతి డీజిల్ ఇంజన్ల క్యాబులను పైనుంచి కోసి పొట్టి చేశారు. బలం చాలక ఒక్కో రైలుకు రెండు మూడింటిని జతచేసి నడిపారు. 1980ల్లో వాటి బదులు వచ్చిన 08 తరగతి ఇంజన్లకూ అదే కోత తప్పలేదు. నేడు బ్రిటన్‌లోని వారసత్వ రైల్వేలు గనుల నుంచి వచ్చిన ఆస్టెరిటీలతో పర్యాటకులను తిప్పుతున్నాయి. ఆ ఇంజను లాగుడు శక్తికి ఏ మార్పూ అక్కర్లేదు. ఆవిరి బ్రేకుతో మాత్రమే వచ్చిన ఇంజనుకు ప్రయాణికుల పెట్టెలు తగిలించే ముందు వాక్యూమ్ బ్రేకు సామాను బిగించక తప్పదు.